మైకులో చెప్పవలసిన తీర్పు

2023 ఆగస్టు 20న సిడ్నీలోని స్టేడియం ఆస్ట్రేలియాలో స్పెయిన్, ఇంగ్లండ్ తలపడిన మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌ను 75,784 మంది మైదానంలో కూర్చుని చూశారు. వారిలో నేనొకదాన్ని. వారాంతాల్లో మా పేట పార్కులో ఆడపిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా ఈల పట్టే అలవాటు వల్ల కాబోలు, నా చూపు బంతి వెంట కన్నా అమెరికా రిఫరీ టోరీ పెన్సో వెంటే ఎక్కువగా తిరిగింది. 29వ నిమిషంలో ఓల్గా కార్మోనా చేసిన గోల్ గురించి అందరూ రాశారు కనుక, రెండవ అర్ధభాగంలో వచ్చిన పెనాల్టీ (గోల్‌కీపర్ ఒక్కరే ఎదురుగా ఉండగా గోల్‌లోకి బంతి కొట్టే అవకాశం) గురించి నేను రాస్తాను.

ఇంగ్లండ్ పెనాల్టీ ఏరియాలో, అంటే గోల్ ముందు గీతలు గీసిన చోట, బంతి ఆ జట్టు క్రీడాకారిణి కీరా వాల్ష్ చేతికి తగిలింది. పెన్సో మొదట పెనాల్టీ ఇవ్వలేదు. చెవిలోని రేడియో ద్వారా, దృశ్యాలను మళ్లీ చూసే అధికారులుండే వీడియో గది నుంచి కబురు అందాక ఆమె వేళ్లతో గాలిలో తెర ఆకారం గీసి, మైదానం అంచున ఉన్న మానిటర్ దగ్గరకు పరుగెత్తారు. ఆ తెర ముందు నిలబడిన రిఫరీకి సాయం చేసేవారు ఎందరున్నా తీర్పు మాత్రం ఆమె ఒక్కరిదే. చేయి సహజమైన స్థితిలో ఉందా, దేహం వైశాల్యాన్ని పెంచే విధంగా బయటకు చాచి ఉందా అన్న ప్రశ్నకు ఒకే దృశ్యాన్ని ఎన్ని కోణాల్లో తిప్పి చూసినా కెమెరా జవాబివ్వదు. అంతసేపూ జనం ఈలలు, కేకలు ఆగలేదు. మా పార్కులో అయితే అక్కడికక్కడే ఈల వేసి, తల్లిదండ్రుల గొణుగుడు వింటూ ముందుకు సాగిపోతాం. మళ్లీ చూసుకునే వీలు లేకపోవడం కూడా ఒక విధమైన సుఖమేనని ఆ నిమిషాల్లో నాకు తోచింది.

మైదానంలోకి తిరిగి వచ్చిన పెన్సో మైకులో, సమీక్ష అనంతరం చేతికి బంతి తగిలిన కారణంగా పెనాల్టీ ఇస్తున్నట్లు స్టేడియం అంతటికీ వినిపించేలా ప్రకటించారు. ఇలా రిఫరీ స్వయంగా చెప్పే పద్ధతిని సీనియర్ ప్రపంచ కప్‌లో ప్రవేశపెట్టింది ఈ టోర్నమెంట్‌లోనే. జూలై 20న ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్క్‌లో న్యూజిలాండ్, నార్వే ఆడిన తొలి మ్యాచ్‌లోనే జపాన్ రిఫరీ యోషిమి యమషితకు ఆ అవసరం పడింది. తన మాతృభాష కాని ఇంగ్లీషులో, ఆతిథ్య దేశపు జనం ఊపిరి బిగబట్టి చూస్తుండగా, తడబడకుండా తీర్పు చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆ పెనాల్టీని న్యూజిలాండ్ క్రీడాకారిణి రియా పెర్సివాల్ క్రాస్‌బార్‌కు కొట్టింది. ఫైనల్‌లో స్పెయిన్ తరఫున జెన్నీ ఎర్మోసో కొట్టినదాన్ని ఇంగ్లండ్ గోల్‌కీపర్ మేరీ ఇయర్ప్స్ పట్టేసింది. అయితే కిక్ కొట్టే క్షణంలో కూడా రిఫరీ బృందానికి విరామం ఉండదు. గోల్‌కీపర్ ఒక పాదమైనా గీత మీద ఉందా, ఎవరైనా ముందే లోపలికి చొరబడ్డారా అన్నవి కనిపెట్టి చూడాలి.

ఇదే టోర్నమెంట్‌లో దీనికి పూర్తిగా భిన్నమైన నిర్ణయం ఆగస్టు 6న మెల్‌బోర్న్‌లో జరిగింది. అమెరికా, స్వీడన్ మ్యాచ్ సమమయ్యాక విజేతను తేల్చే పెనాల్టీ షూటౌట్‌లో స్వీడన్‌కు చెందిన లీనా హర్టిగ్ కొట్టిన బంతిని అమెరికా గోల్‌కీపర్ అలిస్సా నేహర్ పైకి తోసి, మళ్లీ బయటకు నెట్టింది. బంతి గీత దాటినది మిల్లీమీటర్ల మేర మాత్రమే. మానవ నేత్రానికి అసాధ్యమైన ఆ సంగతిని గోల్‌లైన్ సాంకేతికత తేల్చి ఫ్రాన్స్ రిఫరీ స్టెఫానీ ఫ్రపార్‌కు తెలియజేసింది, స్వీడన్ గెలిచింది. గీతల లెక్కలు యంత్రానికి వెళ్లాక రిఫరీకి మిగిలినవన్నీ చేయి, ఉద్దేశం, తోపుడు వంటి వాదనకు తావున్న తీర్పులే. వాటిని పాము చావకుండా, కర్ర విరగకుండా సర్దిచెప్పే వీలు మైకు పట్టుకున్న మనిషికి లేదు. అన్నట్టు, ఆ రాత్రి అమెరికా ఇంటిదారి పట్టింది కనుకనే ఫైనల్‌కు అమెరికా రిఫరీని నియమించే మార్గం ఏర్పడింది. సొంత జట్టు నెగ్గితే తాను తప్పుకోవలసిన ఈ విచిత్రమైన స్థితి ఆటలో రిఫరీలకు తప్ప ఇంకెవరికీ ఉండదు.

ఫైనల్‌లో పెన్సోకు ఇరువైపులా జెండాలు పట్టిన బ్రూక్ మేయో, కాథ్రిన్ నెస్బిట్ కూడా అమెరికన్లే. నెస్బిట్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధిస్తూ, ఆ ఉద్యోగం వదిలి పూర్తికాలం ఈ వృత్తిలోకి వచ్చారు. మొత్తం టోర్నమెంట్‌కు 33 మంది రిఫరీలు, 55 మంది అసిస్టెంట్లు, 19 మంది వీడియో అధికారులు ఎంపికయ్యారు. 1991లో చైనాలో జరిగిన తొలి ప్రపంచ కప్‌లో మహిళ రిఫరీగా నిలిచింది మూడవ స్థానం మ్యాచ్‌లో మాత్రమే. ఆమె బ్రెజిల్‌కు చెందిన క్లాడియా వాస్కోన్‌సెలోస్.

కొత్త పద్ధతిపై నాకొక అసంతృప్తి ఉంది. ప్రేక్షకులకు వినిపించేది తుది తీర్పు మాత్రమే. మానిటర్ దగ్గర రిఫరీకీ వీడియో గదికీ మధ్య నడిచిన సంభాషణ వినిపించదు. రగ్బీలో ఆ మాటలు టీవీలో వినడం ఆస్ట్రేలియా ప్రేక్షకులకు ఏనాటి నుంచో అలవాటే. తర్కం వింటే తీర్పు నచ్చకపోయినా దాని దారి తెలుస్తుంది. ఇంగ్లీషు రెండవ భాషగా ఉన్న రిఫరీలకు అది భారమవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే కాబట్టి, వారిని తమ భాషలోనే మాట్లాడనిచ్చి, అనువాదాన్ని తెరపై అక్షరాలుగా చూపాలని నా అభిప్రాయం.