సున్నా తినేసిన రెండు రోజులు

ప్రోగ్రామ్ ఇప్పుడే రన్ అయింది. కోపం చల్లారకముందే రాస్తున్నా.

పని చిన్నదే. 200 యంత్రభాగాలు ఎన్ని గంటలు పనిచేసి పాడయ్యాయో లెక్కలున్నాయి. స్టాటిస్టిక్స్ భాష ఆర్‌లో, సరిపోయే విలువల్ని వెతికిపెట్టే ఆప్టిమ్ ఫంక్షన్ వాడి, వాటికి వైబుల్ డిస్ట్రిబ్యూషన్ (వస్తువుల ఆయుష్షుకి వాడే గణిత నమూనా) షేపు, స్కేలు అనే రెండు సంఖ్యలు అంచనా వేయాలి. ఒక షేపు, స్కేలు అనుకుంటే ఒక్కో లెక్క దానికి ఎంత బాగా నప్పుతుందో చెప్పేది డెన్సిటీ; వాటి లబ్ధం ఎక్కడ గరిష్ఠమో అదే జవాబు. మొదట డెన్సిటీలన్నీ గుణించాక లాగ్ తీశాను. 0.001 లాంటివి 200 గుణిస్తే 10^-600. కంప్యూటర్ 10^-324 దగ్గరే చేతులెత్తేసి సున్నా అంటుంది. లాగ్‌లు తీసి కూడితే ఆ గొడవ తీరింది.

అసలు గోల తర్వాత. షేపు 1 దగ్గర మొదలుపెడితే “నాన్-ఫైనైట్ ఫైనైట్-డిఫరెన్స్ వాల్యూ [1]” (పక్కకి చిన్న అడుగేసి వాలు కొలిస్తే మామూలు సంఖ్య రాలేదని). 1.2 ఇచ్చినా, 0.8 ఇచ్చినా “ఇనీషియల్ వాల్యూ ఇన్ వీఎంమిన్ ఈజ్ నాట్ ఫైనైట్” (మొదలుపెట్టిన చోటే మామూలు సంఖ్య లేదని). అంటే 1 ఒక్కటే మంచి చోటు, అక్కణ్ణుంచి వేసే అడుగులోనే ఏదో తేడా ఉందని తీర్మానించేసుకున్నా. ఆ అడుగు సైజు, అంటే ఎన్‌డెప్స్, 0.001 నుంచి తగ్గించా. వెతికే మెథడ్‌లూ మార్చా: బీఎఫ్‌జీఎస్ తీసి సీజీ పెట్టా, ఎల్-బీఎఫ్‌జీఎస్-బీ పెట్టా. అదే పాట. సీనియర్‌ని అడిగితే తలెత్తకుండానే “మెథడ్ మార్చి చూడు” అన్నాడు. జ్వరమైనా, కాలు విరిగినా ఆయన దగ్గర ఒకటే మాత్ర.

రెండో రోజు సాయంత్రం, కొత్తగా చేరిన అమ్మాయి నా వెనక నిలబడి చూసి, “సార్, డేటాలో మినిమమ్ ఎంతుందో చూశారా?” అంది. చూడలేదు. ఆమె చూస్తుండగానే టైప్ చేశా. 0.

ఇన్నేళ్లుగా అందరికీ “ముందు డేటా చూడండి” అని చెప్పేది నేనే!

సున్నా దగ్గర వైబుల్ డెన్సిటీ, షేపు 1 దాటితే సున్నా (దాని లాగ్ మైనస్ అనంతం), 1కి తగ్గితే అనంతం. కచ్చితంగా 1 అయితేనే మామూలు సంఖ్య. నేను మంచి చోటు అనుకున్నది గోడ అంచు. ఆప్టిమ్ వాలు కొలవడానికి అటూ ఇటూ కాలు పెట్టగానే పడిపోతోంది. మెథడ్ పాపం ఏం చేస్తుంది?

సున్నా బదులు 0.001 పెట్టేయమని సలహాలిచ్చేవాళ్లు ఉంటారు. నేనూ పెట్టి చూశా. 0.001కి ఒక షేపు, 0.5కి ఇంకో షేపు వచ్చింది. నా ఇష్టమే జవాబైపోతే ఇక అంచనా ఎందుకు? రికార్డులో నిండిన గంటలే రాస్తారు కాబట్టి సున్నా అంటే గంటలోపే పోయిందని. ఆ ఒక్క వరసకి డెన్సిటీ తీసేసి, గంటలోపు పాడయ్యే సంభావ్యత లాగ్ పెట్టా. మిగతావన్నీ వందల గంటలు, వాటికి ఆ తేడా లెక్కలోకి రాదు.

కన్వర్జెన్స్ కోడ్ 0, అంటే సక్సెస్. సీనియర్ వెళ్తూ వెళ్తూ “ఏ మెథడ్‌తో వచ్చింది?” అన్నాడు.

“మొదట పెట్టిందే” అన్నా.