పాత కారుకు వాన సెన్సరు, మసకబారే అద్దం

ప్రతి శుక్రవారం రాత్రి కర్నూలులో కళాశాల పని ముగించుకొని అనంతపురంలోని ఇంటికి చేరడానికి నేను నడిపే దారి సుమారు 150 కిలోమీటర్లు. వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, గుత్తి, పామిడి మీదుగా సాగే ఈ 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదును బెంగళూరుతో కలుపుతుంది కనుక, రాత్రి పది దాటిందంటే దానిమీద లారీలదీ స్లీపర్ బస్సులదీ రాజ్యం. వెనుకనుంచి ఒక బస్సు హైబీమ్ వేసుకొని దగ్గరకు వచ్చిందంటే ఆ వెలుగు లోపలి అద్దంలోంచి నేరుగా కళ్ళలో పడుతుంది, బస్సు దాటిపోయాక కూడా కొన్ని క్షణాలపాటు ముందున్న రోడ్డు ఆనదు. యాభైకి దగ్గరపడుతున్న నా కళ్ళు చీకటికి మళ్ళీ అలవాటు పడటానికి మునుపటికంటే ఎక్కువ సమయం తీసుకుంటున్నాయని గ్రహించిన తరువాతనే, ఎనిమిదేళ్ళ నా కారుకు వెలుగును బట్టి తానే మసకబారే అద్దాన్నీ, వానను బట్టి తానే వైపర్లు తిప్పే సెన్సరునూ పెట్టించాలని నిశ్చయించుకున్నాను. ఈ రెండూ ఇదే కారు టాప్ వేరియంట్‌లో కంపెనీ నుంచే వచ్చాయి. నాది మధ్య వేరియంట్.

మామూలు అద్దానికి కింద ఒక చిన్న మీట ఉంటుందన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ అద్దం నిజానికి ఒక వైపు మందంగా, మరొక వైపు పలుచగా ఉండే గాజు ముక్క. దాని వెనుక పూత మీద పడిన వెలుగు పగటిపూట మన కంటికి చేరుతుంది. మీటను లాగితే అద్దం కొద్దిగా వంగి, వెనుక పూత ప్రతిబింబం కారు పైకప్పు వైపు పోయి, ముందు గాజు ఉపరితలం తిప్పి పంపే నాలుగు శాతం వెలుగు మాత్రమే మనకు కనిపిస్తుంది. ఉపాయం చక్కనిదే. కానీ నాలుగు శాతం వెలుగులో హెడ్‌లైట్లు లేని ట్రాక్టరో, లైటు మసకగా ఉన్న ఆటోనో వెనుక ఉంటే ఏమీ కనిపించదు. పైగా ప్రతి బస్సుకూ ఒకసారి మీట లాగడం, అది దాటాక మళ్ళీ తోయడం నాలుగు లేన్ల రోడ్డుమీద గంటకు తొంభై కిలోమీటర్ల వేగంలో చేయదగిన పని కాదని నా అభిప్రాయం.

మసకబారే అద్దంలో రెండు పలుచని గాజుల మధ్య ఒక జెల్ పదార్థం నింపి ఉంటుంది. దానికి ఒకటి రెండు వోల్టుల లోపు విద్యుత్తు ఇస్తే అది ముదురు రంగుకు తిరుగుతుంది, విద్యుత్తు తీసేస్తే మళ్ళీ తేటపడుతుంది. 1987లో అమెరికాలోని జెంటెక్స్ సంస్థ ఈ పద్ధతిలో చేసిన అద్దాలను కార్ల తయారీదారులకు అమ్మడం ప్రారంభించింది. అద్దానికి రెండు కళ్ళుంటాయి: ఒకటి విండ్‌షీల్డ్ వైపు చూస్తూ బయట చీకటి ఉందా లేదా అని కనిపెడుతుంది, రెండవది వెనుక గాజు వైపు చూస్తూ హెడ్‌లైట్ల వెలుగును కొలుస్తుంది. ముందు చీకటిగా ఉండి వెనుక వెలుగు తీవ్రంగా ఉన్నప్పుడు మాత్రమే అద్దం మసకబారుతుంది. మీటలాగా ఉన్నదా లేదా అన్న రెండే స్థితులు కాకుండా, వెలుగు ఎంత ఉంటే అంతకు తగినట్టు ముదురుతుంది కనుక లారీ లైట్ల మధ్య దాని ఆకారం కూడా స్పష్టంగా తెలుస్తుంది. దూరాన్ని అంచనా వేయడానికి నాకు కావలసింది సరిగ్గా ఇదే.

అనంతపురంలో మా ఇంటికి దగ్గరగా ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపే భాయ్ దగ్గరకు అద్దాన్ని తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా లారీల వైరింగ్ చేసిన చేయి ఆయనది. అద్దానికి మూడు వైర్లు: తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది ఒకటి, ఎర్త్ ఒకటి, రివర్స్ లైటునుంచి వచ్చేది ఒకటి. రివర్స్ గేరు వేసినప్పుడు అద్దం మసకగా ఉంటే వెనుక ఏమున్నదో కనిపించదు కనుక, ఆ మూడవ వైరులో కరెంటు రాగానే అద్దం తేటపడాలి. దానికోసం డిక్కీ దాకా వైరు లాగనక్కరలేకుండా, స్టీరియో వెనుక రివర్స్ కెమెరాకని ఇదివరకే వచ్చి ఉన్న వైరునుంచి భాయ్ తీసుకున్నారు. మొదటి వైరుకు ఫ్యూజ్ బాక్సులో తాళం తీస్తే కరెంటు ఆగిపోయే గదిని మల్టీమీటరుతో వెతికి, ఉన్న ఫ్యూజ్ గదినుంచే మరొక వైరుకు కరెంటు తీసే ఫ్యూజ్ ట్యాప్ వేశారు. కారు అసలు వైరు ఒక్కటి కూడా కోయలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్తను ప్రత్యేకంగా చెప్పాలి. విండ్‌షీల్డ్ పక్కన నిలువుగా ఉండే స్తంభం వెంబడి వైరును కిందికి దించుతారు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఆ బ్యాగు మడత అక్కడనుంచే పైకప్పు అంచు వెంబడి పోతుంది. వైరు దానికి ముందునుంచి పోతే, బ్యాగు తెరుచుకునే క్షణంలో వైరు అడ్డుపడవచ్చు. అందువల్ల వైరు బ్యాగుకు వెనుకగా, కంపెనీ వైరింగ్ కట్టతోపాటే సాగాలి, దానికే టై వేయాలి. తొందరలో ప్లాస్టిక్ పట్టీ కిందకు వైరును వేలితో నొక్కి పంపేవారు చాలామంది ఉన్నారు; అలాంటి చోట కారు ఇవ్వకండి.

అద్దం బిగించిన మరునాడే నాకొక చిక్కు ఎదురైంది. సాయంత్రం నాలుగు గంటలకు, పట్టపగలు, వెనుకనుంచి ఎండ పడుతుండగా అద్దం నీలిరంగుకు తిరిగి మసకబారింది. సరుకులోనే లోపమని మొదట అనుకున్నాను. రెండు రోజులు గమనించాక కారణం బోధపడింది. కారు కొన్నప్పుడు మా అమ్మ కసాపురం ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించి, విండ్‌షీల్డ్ పైభాగం మధ్యలో స్వామి స్టిక్కర్ అంటించింది. సరిగ్గా దాని వెనుకనే అద్దం ముందు కన్ను ఉంది. స్టిక్కర్ వెలుగును అడ్డుకోవడంతో ఆ కన్నుకు ఎప్పుడూ రాత్రే. అమ్మను అడిగి, ఆమె చేతనే స్టిక్కర్‌ను మెల్లగా తీయించి, స్వామి చిన్న విగ్రహాన్ని డ్యాష్‌బోర్డు మీద ప్రతిష్ఠించుకున్నాం. అద్దం ఆనాటినుంచి పగలు ఒక్కసారి కూడా మసకబారలేదు. డ్యాష్‌కామ్, టోల్ ట్యాగ్, నీడ పట్టీ వంటివి ఏవైనా ఆ కన్నుకు అడ్డంగా ఉంటే ఫలితం ఇలాగే ఉంటుంది.

వాన సెన్సరు సంగతి వేరు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటైన అనంతపురంలో, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షానికి ఈ పరికరం అవసరమా అని ఇంట్లో అడిగారు, న్యాయమైన ప్రశ్నే. అయితే మాకు పడే వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల సాయంత్రాలలో ఒక్కసారిగా కమ్ముకుని వస్తుంది. రోడ్డుమీద నీరు నిలిచి, ఎదురుగా పోయే లారీ చక్రాలనుంచి ఎర్రమట్టి కలిసిన నీళ్ళు విండ్‌షీల్డ్ మీద చిమ్ముకున్నప్పుడు, చేయి వైపర్ మీటను చేరేలోపే కారు చాలా దూరం పోతుంది. గంటకు తొంభై కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు ఇరవై అయిదు మీటర్లు. ఆ ఒక్క సెకను కోసమే నాకు సెన్సరు కావలసి వచ్చింది.

దాని పనితీరు పాఠశాల భౌతికశాస్త్రమే. సెన్సరులోంచి కంటికి కనిపించని పరారుణ కిరణం గాజులోకి 45 డిగ్రీల కోణంలో ప్రవేశిస్తుంది. గాజుకు అవతల గాలి ఉంటే సందిగ్ధ కోణం, అంటే అది దాటితే కిరణం బయటకు పోలేని హద్దు, సుమారు 42 డిగ్రీలు కనుక కిరణం బయటకు పోలేక పూర్తిగా లోపలికి తిరిగి వచ్చి, పక్కనున్న గ్రాహకాన్ని చేరుతుంది. గాజుమీద నీటిచుక్క ఉంటే సందిగ్ధ కోణం 62 డిగ్రీల దాకా పెరుగుతుంది, అప్పుడు 45 డిగ్రీల కిరణంలో చాలా భాగం నీటిలోకి జారిపోతుంది. తిరిగి వచ్చే వెలుగు తగ్గిన మేరకు వాన పడుతున్నదని సెన్సరు లెక్కగడుతుంది. అంటే అది చూసేది ఆకాశాన్ని కాదు, తన ముందున్న బొటనవేలంత గాజును మాత్రమే. అందుకే సెన్సరును వైపరు తుడిచే మేరలోనే అంటించాలి. తుడవని చోట అంటిస్తే అక్కడి చుక్క ఎన్నటికీ పోదు, వైపరూ ఆగదు.

కొత్త కార్లలో సెన్సరు నేరుగా కారు కంప్యూటరుతో మాట్లాడుతుంది. నా కారులో ఆ ఏర్పాటు లేదు కనుక, విడిగా ఒక నియంత్రణ డబ్బాతో వచ్చే కిట్ తెప్పించాను. దానితో వచ్చిన కాగితం వైపర్ లో స్పీడు వైరును కోసి, మధ్యలో డబ్బాను పెట్టమని చెప్పింది. భాయ్ ఆ బొమ్మను రెండు నిమిషాలు చూసి, కాగితాన్ని పక్కన పెట్టారు.

"లో స్పీడు వైరు కోసేదొద్దు సార్. ఈ డబ్బా చెడిపోతే నడి వానలో వైపరు నిలబడిపోతాది. ఆగి ఆగి తిప్పే వైరు ఒకటే పట్టుకుందాం."

ఆయన మాటలో ఎంత ఆలోచన ఉన్నదో ఆ తరువాతే నాకు అర్థమైంది. వైపర్ మోటారులోనే ఒక పార్కింగ్ స్విచ్ ఉంటుంది. ఒకసారి కదలిక మొదలైతే చాలు, అది వైపరును పూర్తిగా ఒక చుట్టు తిప్పి తన చోటికి చేర్చి ఆపుతుంది. కనుక డబ్బా చేయవలసింది ఒక క్షణంపాటు సంకేతం ఇవ్వడమే. మీటను ఆగి ఆగి తిరిగే మెట్టులో పెడితే సెన్సరు పని చేస్తుంది. లో, హై మెట్లు మునుపటిలాగే నేరుగా మోటారుకు పోతాయి, డబ్బా కాలిపోయినా సరే. కోసిన ఆ ఒక్క వైరు రెండు చివరలకూ భాయ్ కప్లర్లు వేశారు, రేపు కిట్ తీసేయాలంటే రెండూ కలిపి నొక్కితే చాలు.

నేను స్వయంగా చేసి చెడగొట్టిన పని గాజుకూ సెన్సరుకూ మధ్య ఉండే జెల్ బిళ్ళ. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దదిగా, మెత్తగా, పారదర్శకంగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, ఇంటి ముందు, గాలికి దుమ్ము లేస్తుండగా దానిని అంటించాను. బయటనుంచి చూస్తే ఆవగింజంత గాలిబుడగ ఒకటి, దాని పక్కనే ఒక ఇసుక రేణువు కనిపించాయి. ఫరవాలేదనుకున్నాను. వారం తిరగకుండానే ఎండకు ఆ బుడగ వ్యాకోచించి శనగగింజంత అయింది, దానివల్ల తిరిగి వచ్చే వెలుగు తగ్గి సెన్సరు వాన అనుకుంది, మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద వైపర్లు ఎర్రటి పొడి దుమ్మును గాజుమీద ఈడ్చుకుంటూ తిరిగాయి. ఆ గీతలు ఎదుటి లైట్ల వెలుగులో నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండవసారి తెల్లవారుజామున, ఏసీ వేసి గాజును చల్లబరచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో లోపలి వైపు తుడిచి, కొత్త బిళ్ళను ఒక అంచునుంచి మొదలుపెట్టి మెల్లగా పరుస్తూ నొక్కాను. ఈసారి బుడగ లేదు.

మన ప్రాంతంలో వైపర్ రబ్బరు విషయం కూడా దీనితో ముడిపడి ఉంది. ఎండలో నిలిపిన కారు రబ్బరు రెండు వేసవులకు గట్టిపడి, గాజును తుడవకుండా నీటిని పలుచగా పూస్తుంది. ఆ పూతను సెన్సరు వాననే అనుకుంటుంది, కనుక చినుకు ఆగిన తరువాత కూడా వైపర్లు తిరుగుతూనే ఉంటాయి. సెన్సరు పెట్టించే ముందు కొత్త బ్లేడ్లు వేయించుకోవాలి. వేసవి అంతా నేను మీటను ఆఫ్‌లోనే ఉంచుతాను, కారు కడిగించే ముందు కూడా ఆఫ్ చేస్తాను. తూర్పున మబ్బు పట్టినప్పుడు, ముందుగా నీళ్ళు చిమ్మి దుమ్మును కడిగి, ఆ తరువాతనే సెన్సరు మెట్టుకు తిప్పుతాను.

రెండింటిలో ఒకటే పెట్టించుకునే వీలుంటే ఏది పెట్టించాలని మిత్రులు అడుగుతున్నారు. అనంతపురం, కర్నూలు, కడప దారులలో రాత్రి ప్రయాణం చేసేవారు అద్దమే పెట్టించుకోవాలి, ఇందులో నాకు సందేహం లేదు. వాన ఏడాదికి కొన్ని వారాలు, వెనుక హెడ్‌లైట్లు ప్రతి రాత్రీ. వైపరుకు చేతిలో మీట ఎలాగూ ఉంది.

మొన్న అక్టోబరులో పామిడి దగ్గర పెన్న వంతెన దాటుతుండగా ఒక టిప్పరు పక్కనుంచి దూసుకుపోయి గాజు నిండా బురదనీరు కొట్టింది. నా చేతులు స్టీరింగు మీదనుంచి కదలలేదు. వైపర్లు రెండుసార్లు వేగంగా తిరిగి ఆగాయి, వెనుకనున్న బస్సు వెలుగుకు అద్దం అప్పటికే నీలిగా ముదిరి ఉంది. కుడి పక్క బయటి అద్దంలోంచి మాత్రం అదే బస్సు వెలుగు నా చెంపమీద పడుతూనే ఉంది. బయటి అద్దాలకూ మసకబారే గాజు దొరుకుతుందని, నా కారు కొలతకు సరిపోయేది చూసి చెబుతానని భాయ్ అన్నారు. అప్పటిదాకా దానిని రాత్రిపూట వేలెడంత బయటికి వంచుకుని నడుపుతున్నాను.