పెరటి వసారా పుచ్చితే ముందు స్తంభాల కాళ్ళు చూడండి

పెంకుటింటి వెనక వసారా చూరు ఒక పక్కకి వంగిందంటే అందరి కళ్ళూ పైకే వెళ్తాయి. పెంకులు మార్చాలి, వాసాలు మార్చాలి అంటారు. చాలా ఇళ్ళలో జబ్బు కిందే ఉంటుంది. వెనకటికి కర్ర స్తంభాన్ని నేలకి తగలకుండా రాతి దిమ్మ మీద నిలబెట్టేవారు. తరవాతెప్పుడో మట్టి నేల తీసేసి సిమెంటు గచ్చు చేయిస్తే, గచ్చు నాలుగంగుళాలు పైకి లేచి దిమ్మ మునిగిపోతుంది. స్తంభం మొదలు సిమెంటులో ఇరుక్కుంటుంది. గచ్చు కడిగినా జల్లు కొట్టినా ఆ సందులోకి నీళ్ళు దిగుతాయి, బయటికి పోయే దారి ఉండదు. కర్ర కోసిన కొన దగ్గరే ఎక్కువ నీళ్ళు తాగుతుంది. తడి ఆరని కర్ర బూజుతో మెత్తబడుతుంది, వెనకే చెద వస్తుంది. ఈ దారి మూయకుండా కొత్త టేకు స్తంభం పెట్టినా అదీ పుచ్చుతుంది.

పరీక్షకి సన్నటి స్క్రూడ్రైవరు చాలు. గచ్చు నుంచి జానెడు ఎత్తు లోపల, నాలుగు పక్కలా గట్టిగా గుచ్చండి. మంచి కర్ర ములుకుని దిగనివ్వదు. పుచ్చిన చోట అరంగుళం మెత్తగా దిగి, బయటికి లాగేటప్పుడు ముదురు గోధుమరంగు పొడి రాలుతుంది. రంగు పొర చూసి మోసపోకండి. ఎనామిల్ పెయింటు నున్నగానే ఉంటుంది, దాని వెనక కర్ర అటుకుల్లా పొరలుపొరలుగా ఊడి ఉంటుంది. వాసాల్ని గోడలో దిగిన కొన దగ్గరా, చూరు కొన దగ్గరా గుచ్చి చూడాలి. నడిమధ్య సాధారణంగా బాగానే ఉంటుంది. ఇంట్లో పెద్దావిడని అడగడం మర్చిపోవద్దు. వానాకాలంలో ఏ మూల గిన్నె పెట్టేవారో ఆవిడకే తెలుసు. ఆ మూల నుంచే మొదలుపెట్టండి.

లెక్క కోసం పదహారడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, మూడు స్తంభాల వసారా అనుకుందాం. ఆ వెడల్పులో వాలు నాలుగడుగులు కిందికి దిగితే, చూరుతో కలిపి వాసం పొడవు పదడుగులు. కప్పు 160 చదరపుటడుగులు. బెంగుళూరు పెంకులు చదరపు మీటరుకి 15 చొప్పున 225 దాకా పడతాయి, విరిగేవాటితో కలిపి 245 లెక్కేసుకోండి. రెండడుగులకొకటి చొప్పున తొమ్మిది వాసాలు, నాలుగంగుళాల ఎత్తు, రెండంగుళాల మందంవి. రీపర్లు, అంటే పెంకులు ఆనేలా వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న చెక్కలు, పన్నెండున్నర అంగుళాలకొకటి, మొత్తం 190 అడుగులు. రీపరు దూరం పుస్తకంలో కాదు, మీ పెంకు మీద కొలవండి. ఒక్కో ఫ్యాక్టరీ పెంకు గాడి ఒక్కోలా ఉంటుంది. పాత పెంకు వెనక ఉన్న ముద్ర చూసి అదే రకం తెచ్చుకోవాలి. వేరే ముద్రవి కలిపితే గాడిలో గాడి కూర్చోదు, ఆ సందులోంచి కారుతుంది.

పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. కర్ర నెల ముందే కొని, మధ్యలో పుల్లలు పెట్టి నీడలో పేర్చాలి. పచ్చి వేప కర్ర కొడితే ఎండకి మెలితిరిగి పెంకుల్ని లేపేస్తుంది.

పెంకులు దించడం ఇంటిల్లిపాదీ చేసే పని. ఒక్కొక్కటి రెండున్నర కిలోలు, మొత్తం అర టన్ను పైనే. నిచ్చెన మీద తమ్ముడో బావమరిదో, కింద ఇద్దరు అందుకునేవాళ్ళు, పెరట్లో పేర్చేవాళ్ళు ఇంకో ఇద్దరు. అయిదుగురు ఉంటే పూటలో అయిపోతుంది. పెంకుల మీద ఎవరూ కాలు పెట్టొద్దు, పుచ్చిన వాసం మీద అసలే వద్దు. పై వరస నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. పెంకుల్ని ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి గోడకి వాల్చండి. పిన్నీ పిల్లలూ కొబ్బరిపీచుతో నాచు రుద్ది, వేలి కణుపుతో కొట్టి చూస్తే చాలు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులుంది, పక్కన పెట్టేయండి.

ఇక స్తంభాలు. ఈ పనికి అనుభవం ఉన్న వడ్రంగి పక్కన ఉండాలి. సెంట్రింగ్ జాకీలు (స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే, తిప్పితే ఎత్తు పెరిగే ఇనప కాళ్ళు) అద్దెకి తెచ్చి, అడుగున చెక్క పలక వేసి, స్తంభానికి అటూ ఇటూ దూలం కింద బిగించండి. బరువు జాకీ మీదకి రాగానే ఆపాలి. వంగిన దూలాన్ని ఒక్కరోజులో సరిచేద్దామని తిప్పుతూ పోతే కీళ్ళు ఊడతాయి, గోడ సున్నం పగులుతుంది. ఒకసారికి ఒక్క స్తంభమే కోయాలి. పుచ్చు ఎక్కడ ఆగిందో చూసి, ఇంకో అడుగు పైన కోయండి.

కోసిన ముక్క స్థానంలో కొత్త కర్ర అతికించడం కన్నా, కిందనుంచి కాంక్రీటు దిమ్మ పైకి లేపడమే నాకు నచ్చిన పద్ధతి. అతుకు ఎంత బాగా వేసినా మళ్ళీ తడి తగిలే చోటే కర్ర ఉంటుంది. దిమ్మ అడుగు చదరం, నేలలో అడుగున్నర, పైన అడుగున్నర. లోపల నాలుగు 10 ఎంఎం ఊచలు, ఆరంగుళాలకో రింగు. 1:2:4 పాళ్ళలో మూడు దిమ్మలకి రెండు బస్తాల సిమెంటు, అయిదు ఘనపుటడుగుల ఇసుక, పది ఘనపుటడుగుల కంకర సరిపోతాయి, కాస్త మిగులుతుంది. పైన మధ్యలో 16 ఎంఎం ఊచ మూడంగుళాలు నిలబడాలి. ఊచ చుట్టూ ఇనప పలక పట్టేంత చోటు వదిలి, దిమ్మ తలని నాలుగు పక్కలకీ వాలుగా మెత్తండి. గోనెపట్టా చుట్టి వారం రోజులు తడపాలి, అప్పటిదాకా జాకీలు కదపొద్దు. తరవాత మధ్యలో బెజ్జం ఉన్న అరంగుళం మందం ఇనప పలకని ఊచలోకి దించి, అడుగున బెజ్జం చేసిన స్తంభాన్ని దింపండి. ఆ అరంగుళం సందు వదిలేయాలి. చూడ్డానికి బాలేదని మేస్త్రి సిమెంటుతో పూడ్చేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. కర్ర కొనని అవిసె నూనెలో బాగా నాననిచ్చి పెట్టండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే అలవాటుంది కానీ, అది వానకి కారి నేలలోకి దిగుతుంది.

చెద మందు కూడా ఇప్పుడే. గోడ, గచ్చు కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 ఎంఎం బెజ్జాలు వేసి, బెజ్జానికి లీటరు ద్రావణం పోసి సిమెంటుతో మూయాలి. పాళ్ళు సీసా మీద ఉన్నట్టే. పెరట్లో బావి గానీ బోరు గానీ దగ్గరుంటే మాత్రం ఈ మందు పోయొద్దు. చెద మట్టి దారులు గీకేసి, కర్రకి మాత్రమే పూయండి.

గోడకీ పెంకులకీ కలిసే చోట సిమెంటు పూత రెండేళ్ళకే చీలుతుంది. గోడలో అంగుళం లోతు గాడి తీసి, మడిచిన జీఐ (గాల్వనైజ్డ్ ఇనప) రేకు అందులో దూర్చి, పెంకుల మీదకి ఆరంగుళాలు వాలనివ్వండి. రీపర్లకి రెండున్నర అంగుళాల గాల్వనైజ్డ్ మేకులు, ముందు బెజ్జం చేసి కొట్టాలి. లేకపోతే కొనలు చీలతాయి. పెంకులు చూరు నుంచి పైకి పేర్చుకుంటూ పోవాలి. వెనక ఉన్న కొక్కేలు రెండూ రీపరుని పట్టుకున్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. కోస్తాలో గాలివానలు తప్పవు కాబట్టి చూరు వరసలు రెండూ పెంకు కింది బెజ్జంలోంచి గాల్వనైజ్డ్ తీగతో కట్టేయండి. కోతులు తిరిగే ఊళ్ళలో ఇరవై పెంకులు అదనంగా అటక మీద దాచుకోవాలి. మధ్యలో ఒక అద్దం పెంకు వేస్తే వసారాలో పగలు దీపం అక్కర్లేదు.

మొదటి పెద్ద వానకి టార్చి, సుద్దముక్క పట్టుకుని వసారాలో నిలబడండి. తడి మెరిసిన వాసం మీద గీత పెట్టి, వాన వెలిశాక ఆ గీతకి పైవైపున్న పెంకుల్ని వెతకండి. నీరు వాసం వెంట జారి కింద ఎక్కడో కారుతుంది, కారిన చోటే చిల్లు ఉండదు. జరిగిన పెంకుని లోపలి నుంచే చేత్తో ఎత్తి గాడిలో కూర్చోబెట్టొచ్చు.