నెలలు నిండిన ఖదీజా

"అమ్మా, నేను నెలలు నిండకుండానే పుట్టానా?" అని మా అమ్మాయి ఖదీజా అడిగితే నవ్వాగలేదు. డాక్టరు చెప్పిన తేదీ దాటాక తీరిగ్గా వచ్చిన పిల్ల అది. షార్జాలో ఏ బళ్లో చదివినా అరబిక్ తప్పనిసరి. టీచరమ్మ ఆరోజు పేర్లకు అర్థాలు చెప్పిందట.

చెప్పింది నిజమే. ఒంటె గడువుకు ముందే ఈనడాన్ని చెప్పే అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన పేరు ఖదీజా. ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా సూరా చదవని నమాజు 'ఖిదాజ్', అంటే అసంపూర్ణం, అని హదీసులో, అంటే ప్రవక్త మాటల్లో, ఉన్న పదమూ ఆ ధాతువుదే. ఫాతిమా సంగతీ ఇలాంటిదే, బిడ్డకు పాలు మాన్పించడానికి సంబంధించిన పేరు. పేర్ల సైట్లు మాత్రం ఖదీజాకు 'నమ్మకస్తురాలు', 'గౌరవనీయురాలు' అని ముద్దుముద్దు అర్థాలు అంటగడతాయి. నాకు వాటి మీద బొత్తిగా గురి లేదు.

పేరు నిలబడింది అర్థం చూసి కాదు, ఆ పేరుగల మనిషిని చూసి. మక్కాలో ఖురైష్ తెగకు చెందిన ఖదీజా బింత్ ఖువైలిద్ (రజి) పెద్ద వ్యాపారి. సొంత సరుకును బిడారులతో షామ్‌కు, అంటే సిరియా వైపు, పంపేవారు. ఆ సరుకు అప్పగించిన మనిషి నిజాయితీ చూసి పెళ్లి కబురు కూడా ఆవిడే పంపారు. ఆయనే ముహమ్మద్ ప్రవక్త (స). అప్పటికి ఆవిడ వితంతువు. వయసు 40 అని ఎక్కువ మంది చెబుతారు, 28 అనే కథనమూ ఉంది. పెళ్లయినా తండ్రి పేరే ఉంచుకున్నారు, అరబ్బుల్లో ఇప్పటికీ అదే పద్ధతి. మా అమ్మాయికి వీటన్నిటిలో బాగా నచ్చింది పెళ్లి కబురు ముక్క. టెన్షన్ నాకు.

పాస్‌పోర్టులో దాని పేరు షేక్ ఖదీజా. గుంటూరు వైపు ఏ వీధిలో చూసినా షేకులే. ఇక్కడేమో షేక్ అంటే పాలక కుటుంబాల వాళ్ల బిరుదు, ఆడవాళ్లయితే షేఖా. హాజరు పిలిచినప్పుడల్లా కొత్త పిల్లలు వెనక్కి తిరిగి చూస్తారట. మా అమ్మాయి నాన్నేమో ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు.

అసలు పేచీ పలకడం దగ్గర. మేము దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే. నరసరావుపేట నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లో "కతీజమ్మా, అన్నం తిన్నావా తల్లీ" అనగానే పిల్ల మొహం మాడ్చుకుని, "ఖ... నాన్నమ్మా, ఖ..." అని గొంతు గరగరలాడిస్తుంది. ఆవిడ మళ్లీ కతీజమ్మా అనే అంటారు.

విచిత్రమేంటంటే టీచరమ్మది కైరో. ఈజిప్టు వాళ్లు 'జ'ను 'గ' చేస్తారు కాబట్టి ఆవిడ పిలిచేది ఖదీగా అని. టర్కీలో ఇదే పేరు హతిజే. నైజీరియాలో హౌసా వాళ్లు హదీజా అంటారు. టీచరు ఖదీగా అంటే లేని నామోషీ నాన్నమ్మ కతీజమ్మ అంటే ఎందుకే అన్నాను. "టీచర్ అరబ్ కదా" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

మన ఊళ్ల సంగతి చెప్పాను. మస్తాన్ వలి దర్గాకు మొక్కుకుని కన్న బిడ్డలకు హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకుంటారని, పీర్ల పండుగ చేసే ఊళ్లలో హుస్సేనప్పలు, హుస్సేనమ్మలు ఉంటారని. గాయకుడు మనో అసలు పేరు నాగూర్ బాబు అని, నాగూరు తమిళనాడులో దర్గా ఉన్న ఊరని. నాన్నమ్మ చేసిందీ అదే, అరబ్బీ పేరుకు అమ్మ తగిలించింది. పిల్ల సగం వింది. హుస్సేనమ్మ దగ్గర మాత్రం ఆగి, "నిజంగా హిందువులేనా?" అని రెండుసార్లు అడిగింది.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి త్వరలో రెండో బిడ్డ. అమెరికా వాళ్లకు నోరు తిరగాలట, అర్థం బాగుండాలట, ఖురాన్‌లోనూ ఉండాలట. ఆడపిల్లయితే మర్యం అని పెట్టుకో, ఖురాన్‌లో పేరుతో సహా కనిపించే స్త్రీ ఆవిడొక్కరే అన్నాను. "మరీ పాతగా ఉందక్కా" అని మళ్లీ సైట్ల మీద పడ్డాడు.