ఐదో మాట నాకు ఇచ్చినప్పుడు

మా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జరుగుతుంది. యేసుప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఈసారి ఐదో మాట చర్చిలోని ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రికి వచ్చింది, పాస్టరు అయ్యగారు నా పేరు రాశారు. "నేను దప్పిగొనుచున్నాను", యోహాను 19:28. ఇంత చిన్న మాట మీద ఇరవై నిమిషాలు ఏం చెప్పాలా అని టెన్షన్ పట్టుకుంది.

అసలు ఈ ఆరాధన ఎక్కడ పుట్టిందో ముందు తెలుసుకున్నాను. పదిహేడో శతాబ్దం చివర్లో పెరూ దేశంలోని లీమాలో అలోన్సో మెస్సియా అనే జెస్యూట్ (క్యాథలిక్కుల్లో ఒక సన్యాసి సభ) గురువు మొదలుపెట్టిన మూడు గంటల ధ్యానమట ఇది. తర్వాత యూరప్‌కి వెళ్లింది, క్యాథలిక్కుల నుంచి ఆంగ్లికన్లకి వచ్చింది. ఇప్పుడు మన తెలుగు ఊళ్లలో లూథరన్లు, బాప్టిస్టులు కూడా చేస్తున్నారు. ఎక్కడో మొదలైన ప్రార్థన మన దాకా వచ్చి మనదైపోవడం నాకు చాలా సంతోషమనిపించింది.

ఏడు మాటలూ కలిసి ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు ఉన్నాయి. మిగిలిన ఒక్కటి, "ఏలీ, ఏలీ" (నా దేవా, నా దేవా) అన్న కేక, మత్తయి, మార్కుల్లో ఉంది. నాకొచ్చింది యోహాను రాసిన మాట కాబట్టి వేరే పుస్తకాల నుంచి వచనాలు ఏరడం మానేసి, యోహాను సువార్తనే మొదటి అధ్యాయం నుంచి చదివాను. రోజూ పొద్దున్నే వంట మొదలుపెట్టకముందు కొంత, పడుకునే ముందు కొంత.

అలా చదువుతుంటే దారి దొరికింది. నాలుగో అధ్యాయంలో బావి దగ్గర సమరయ స్త్రీని "నాకు దాహమునకిమ్ము" అని అడిగినవాడు ఈయనే. ఏడో అధ్యాయంలో, పండుగ చివరి రోజున, దప్పిగొన్నవాళ్లు తన దగ్గరికి రావాలని బిగ్గరగా పిలిచినవాడూ ఈయనే. అందరికీ జీవజలం ఇస్తానన్నవాడి నాలుక ఎండిపోయింది. ఇక్కడికొచ్చేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఇంకో సంగతి దగ్గర చాలాసేపు ఆగాను. చిరకలో (పులిసిన ద్రాక్షారసంలో) ముంచిన స్పంజీని రెల్లుకు తగిలించారని మత్తయి, మార్కు రాశారు. యోహాను మాత్రం హిస్సోపు అనే చిన్న మొక్క పుడక అన్నాడు. నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో యూదుల పస్కా పండుగకు వధించిన గొర్రెపిల్ల రక్తాన్ని ద్వారబంధాలకు పూసింది హిస్సోపు కుంచెతోనే. "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అని మొదటి అధ్యాయంలోనే యేసు గురించి చెప్పించిన యోహాను ఆ పేరు ఊరికే రాశాడని నేననుకోను. నా ప్రసంగంలో సగం దీని మీదే నడిచింది.

ఆరాధన అయ్యాక ఒక మామ్మగారు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మరి మొదట ఇచ్చింది ఎందుకు వద్దన్నాడమ్మా?" అని అడిగారు. ఆవిడ అడుగుతున్నది మార్కు 15:23లోని బోళం (చేదు జిగురు మందు) కలిపిన ద్రాక్షారసం గురించి. నొప్పి తెలియకుండా ఇచ్చేదంటారు దాన్ని, ఆయన పుచ్చుకోలేదు. చివర్లో ఇచ్చింది సైనికులు తాగే పుల్లని చిరక, దాన్ని మాత్రం పుచ్చుకున్నాడు. నొప్పి తగ్గించేది వద్దని, దాహం తీర్చేది అడిగాడని నాకు అర్థమైంది, అదే చెప్పాను. మామ్మగారు బైబిలు తెరిచి, అద్దాలు పెట్టుకుని, రెండు చోట్లా చదివి పెన్సిలుతో గీత గీసుకున్నారు.