చెన్నైలో మా ఇంటి బుల్గోగి శాండ్‌విచ్, నా అనుభవం

మా ఆయన పని శ్రీపెరంబుదూర్ వైపు. అక్కడ హ్యుందాయ్ వాళ్ళు 1998లో కార్లు తియ్యడం మొదలుపెట్టారు, దాని వెనకాలే కొరియా నుంచి జనం, వాళ్ళ వెనకాల వాళ్ళ హోటళ్ళు, సామాను షాపులు అన్నీ చెన్నైకి వచ్చేశాయి. ఆఫీసు వాళ్ళతో ఎక్కడో బుల్గోగి (పల్చటి మాంసం ముక్కల్ని సోయా సాస్‌లో ఊరబెట్టి కాల్చే కొరియా వంటకం) తినొచ్చినప్పటి నుంచి ఈయనది ఒకటే గోల, దాన్ని బ్రెడ్డులో పెట్టి చెయ్యవే అని. సరే చూద్దాం అని దిగాను. మసాలా కలపడం చాలా సులువండీ, అసలు తంటా అంతా నీళ్ళతోనే. మాంసం నీళ్ళు, ముల్లంగి నీళ్ళు, ఊరబెట్టిన రసం, ఇవన్నీ బ్రెడ్డులోకి దిగకుండా ఆపగలిగితే చాలు, సగం వంట అయిపోయినట్టే.

వాళ్ళు బుల్గోగికి ఎక్కువగా బీఫ్ వాడతారు, మా ఇంట్లో వండం కాబట్టి చికెన్ తీసుకున్నా. లెగ్ బోన్‌లెస్ అరకిలో, బ్రెస్ట్ అయితే పెనం మీద ఎండిపోయి పీచులా అయిపోతుంది. పల్చగా కొయ్యి బాయ్ అంటే కొట్లో ఆయన "ఎన్నమ్మా, సూప్‌క్కా?" అంటూ కత్తి తీసి కైమా కొట్టబోయాడు, బాబోయ్ వద్దులే అని ముక్కలు అలాగే పట్టుకొచ్చేశా. ఫ్రీజర్లో ముప్పావుగంట పెడితే ముక్క కాస్త బిగుస్తుంది, అప్పుడు పీచుకి అడ్డంగా కోస్తే మామూలు కూరగాయల కత్తితోనే చక్కగా పల్చటి ముక్కలొస్తాయి.

ఊరబెట్టడానికి నాలుగు పెద్ద స్పూన్ల సోయా సాస్, ఒకటిన్నర స్పూను పంచదార, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, మిరియాల పొడి, ఒక స్పూను గోచుజాంగ్ (కొరియా వాళ్ళ పులియబెట్టిన మిరప ముద్ద), సగం బేరిపండు తురుము. మామూలుగా బీఫ్ బుల్గోగిలో గోచుజాంగ్ ఉండదు, పోర్క్‌తో చేసే కారం రకంలో వేస్తారు, మనకి కారం లేకపోతే ముద్ద దిగదు కదా అని వేశాను. సోయా సాస్ మాత్రం ఫ్రైడ్ రైస్‌కి వాడే ఆ నల్లటి చిక్కటిది కాదు, పల్చగా ఉండే బ్రూడ్ రకం, అంటే సోయా పులియబెట్టి చేసింది తీసుకోండి. బేరిపండు తీపి కోసమే కాదు, అందులోని ఎంజైములు మాంసాన్ని కాస్త మెత్తబరుస్తాయి. మనం మటన్‌కి పచ్చి బొప్పాయి రాసేది కూడా అందుకేగా. కొరియా బేరి ఖరీదెక్కువ, కొడైకెనాల్ కాయలు గట్టిగా రసంగా ఉంటాయి, వాటితో పనైపోతుంది.

ఇంకా నూనె సంగతి. చెన్నైలో నల్లెణ్ణై, అంటే మన నువ్వుల నూనె, లేని ఇల్లు ఉండదు, అది పోసేస్తే పోలేదా అనిపిస్తుంది గానీ మన గానుగ నూనె పచ్చి నువ్వులది, వాళ్ళది వేయించిన నువ్వుల నూనె, రంగు వేరు వాసన వేరు. కొనడం ఎందుకని నేను రెండు స్పూన్ల నువ్వులు దోరగా వేయించి దంచి మన నూనెలోనే కలిపేశా, అచ్చం అదే రుచి అనను గానీ వాసన మాత్రం ఇల్లంతా వచ్చింది.

చికెన్ ఫ్రిజ్‌లో రెండు గంటలు ఊరేలోపు ముల్లంగి, క్యారెట్, కీరా అగ్గిపుల్లల్లా తరిగి ఉప్పు చల్లి పావుగంట వదిలేశా. మా అత్తయ్య వచ్చి "ఇలా ఇవ్వమ్మా" అని గిన్నె లాక్కుని గుప్పెడు గుప్పెడు పిండితే అర గ్లాసు నీళ్ళు దిగాయి, అవి గనక బ్రెడ్డులోకి పోయుంటే! పిండినదాంట్లో వెనిగరు, చిటికెడు పంచదార వేసి పక్కన పెట్టాం, పెట్టుకునే ముందు మళ్ళీ ఓసారి పిండాలి.

కాల్చడం ఇనప పెనం మీద, మంట బాగా పెద్దగా పెట్టి. ముక్కల్ని రసంలోంచి వడకట్టి ఒక్కో వాయికి గుప్పెడే వెయ్యాలి, అంతా ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి ఉడికిపోతుంది తప్ప వేగదు. పంచదార ఉంది కదా, అంచులు నల్లబడటం మొదలవగానే తిప్పెయ్యాలి, ఫోన్ మోగినా కదలకూడదు. వాయికీ వాయికీ మధ్య పెనం తుడవకపోతే చేదు వస్తుంది. మిగిలిన రసంలో పచ్చి చికెన్ నానింది కాబట్టి దాన్ని బాగా మరిగించి చిక్కబరిచి, ఉల్లికాడలు వేసి ముక్కల మీద పోశా.

బ్రెడ్డు లోపలివైపు వెన్న రాసి కాల్చి, మయోనీస్‌లో కాస్త గోచుజాంగ్ కలిపి పూసి, తుడిచి ఆరబెట్టిన లెట్యూస్ ఆకు అడుగున వేసి, దాని మీద చికెన్, పైన ముల్లంగి. ఆకు పైన కాదు, అడుగునే, రసం దిగకుండా ఆపేది అదే. చేసిన వెంటనే తినాలి. ఆఫీసు బాక్సుకైతే బ్రెడ్డు, చికెన్, ముల్లంగి మూడూ విడివిడిగా కట్టి ఇచ్చేశా, అక్కడ కలుపుకుంటారని. ఈయన బద్ధకానికి విడివిడిగానే తినేసొచ్చారు, బాగుందట.

ఈసారి మటన్‌తో చెయ్యాలనుంది. దానికి బేరి చాలదు, పచ్చి బొప్పాయి కొంచెం వెయ్యాలి, అదీ అరగంటకి మించకుండా, లేదంటే ముక్క పిండైపోతుంది.