నలభై కిలోల లేతు యంత్రమా, నాలుగు వందల కిలోలదా?

పోత ఇనుప సిలిండర్ ఇంజన్ ఉన్న పాత బుల్లెట్ 350 వాడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తలనొప్పి ఇది. వాల్వ్ కాడను తిన్నగా నడిపే గొట్టాలను, అంటే వాల్వ్ గైడ్లను, ఒకటికి రెండుసార్లు మార్చేసరికి సిలిండర్ పైన కూర్చునే అల్యూమినియం హెడ్డులో గైడు కూర్చునే రంధ్రం సాగిపోతుంది. కొత్త గైడు కొని తెస్తే బొటనవేలితో నెట్టినా దిగిపోతుంది. ఇక ఇంజన్ వేడెక్కితే అది నిలుస్తుందా? అప్పుడు కావలసింది లోపలి రంధ్రం మామూలుగానే ఉండి, బయటి కొలత మాత్రం మన హెడ్డుకు తగినట్టు కాస్త ఎక్కువున్న గైడు. అది ఏ దుకాణంలోనూ ఉండదు. చేయించుకోవాలి, లేదా చేసుకోవాలి.

ఒడిశాలోని మా జయపురంలో, లోహపు ముక్కను తిప్పుతూ కోసే లేతు యంత్రాల షాపులకు కొదవ లేదు. కానీ వాళ్ల ముందు ట్రాక్టరు పిన్నులు, లారీ బుష్‌లు, పంపు షాఫ్టులు గుట్టగా పడి ఉంటాయి. వేలెడంత గైడు కోసం సొంత మైక్రోమీటరుతో వచ్చి నిలబడే లెక్కల మాస్టారంటే ఎవరికైనా విసుగే. "రేపు రండి మాస్టారూ" అంటారు. విశాఖ ఆటోనగర్‌లో చక్కగా చేసిపెట్టేవాళ్లు ఉన్నారు గానీ, అందుకు సాలూరు ఘాటు దిగాలి. కొలత తేడా వస్తే మళ్లీ దిగాలి.

ఇంట్లోనే లేతు పెడతానంటే మా ఆవిడ అడిగింది ధర కాదు, బరువెంత అని. మేము ఉండేది మేడ మీద, అందుకని అడిగింది. నన్నడిగితే, ఇంజన్ భాగాలు చేయదలచినవారు ఎవరైనా ముందు అడగవలసింది అదే. మోటారు ఎన్ని వాట్లన్నది తరువాతి మాట.

అమ్మకానికి కనిపించే బుల్లి లేతులు ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి ఎన్ని పేర్లతో ఉన్నా, వాటిలో చాలా వరకు చైనా కంపెనీ సీగ్ చేసే సీ3 నమూనాయో, దాని పోలికో. బరువు 40 కిలోల చుట్టూ. బెడ్ (యంత్రం పొడవునా ఉండే పట్టాలు) మీద 180 మిల్లీమీటర్ల వ్యాసం తిరుగుతుందని రాస్తారు. టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ మీదుగా తిరగవలసిన ముక్కకు అంత చోటు ఉండదని మాత్రం పెద్ద అక్షరాల్లో రాయరు. బుల్లెట్ పిస్టన్ 70 మిల్లీమీటర్లే కాబట్టి దానికి ఢోకా లేదు. నాబ్ తిప్పితే వేగం తగ్గుతుంది, దాంతోపాటు లాగే బలమూ తగ్గుతుంది. ఇత్తడి స్పేసర్లు, అల్యూమినియం మూతలు చేసుకునేవారికి ఆ యంత్రం బంగారమే. నా పని వేరు.

గైడు లెక్క చూడండి. 15 మిల్లీమీటర్ల గైడు అనుకుందాం. హెడ్డు ఉష్ణోగ్రత 150 డిగ్రీలు పెరిగితే అందులోని రంధ్రం దాదాపు 0.05 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. అదే వేడికి బీడు (పోత ఇనుము) గైడు 0.025, ఫాస్ఫర్ బ్రాంజ్ గైడు 0.04 లావెక్కుతాయి. చల్లగా ఉన్నప్పుడు గైడు ఆ తేడాను మించి బిగువుగా ఉంటేనే వేడిలో పట్టు మిగులుతుంది. మరీ బిగువైతే హెడ్డు చిట్లుతుంది. ఇదంతా వెంట్రుక మందంలో తేలవలసిన వ్యవహారం. లేతు హ్యాండిల్ మీద ఒక గీత 0.025 అయితే, కోసే టూలు అంత లోపలికి వెళ్లినప్పుడు వ్యాసం 0.05 తగ్గుతుంది. అంటే ఒక్క గీతతో పుణ్యకాలం గడిచిపోతుంది. దీనికి పాత ఉపాయం ఒకటుంది: టూలును పట్టుకుని జరిగే టాప్ స్లైడును బెడ్‌కు 5.7 డిగ్రీల వాలులో బిగించి దానితోనే టూలు నడపడం. అప్పుడు స్లైడు 0.1 కదిలితే టూలు లోపలికి వెళ్లేది 0.01 మాత్రమే. ఉపాయం మంచిదే కానీ యంత్రం గట్టిదై ఉండాలి. తేలికపాటి లేతు ఒత్తిడికి కాస్త వంగుతుంది, టూలు కోయడం మాని రుద్దుతుంది. హ్యాండిల్ ముట్టుకోకుండా మళ్లీ నడిపిస్తే ఈసారి కోస్తుంది! ఇక కొలత ఎక్కడ నిలబడుతుంది?

సునాబెడాలో మిగ్ విమానాల ఇంజన్లు చేసిన హెచ్‌ఏఎల్ కర్మాగారంలో టర్నరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన మా వీధిలోనే ఉంటారు. నేను బాబాయిగారూ అంటాను. రాయగడ వైపు మూతపడిన ఒక రైసుమిల్లులో నాలుగు వందల కిలోల పాత బటాలా (పంజాబు) లేతు ఉందని తెలిస్తే ఆయననే వెంటబెట్టుకుని వెళ్లాను. యజమాని మోటారు ఆన్ చేసి చూపించబోతే ఆపేశారు. టూలును మోసే క్యారేజీని, ముక్కను పట్టి తిప్పే చక్ దగ్గరికి జరిపి, ఊగులాట పోయేంతవరకు బిగించి, "ఇప్పుడు అటు చివరికి తిప్పు బాబూ" అన్నారు. సగం దూరం దాటాక చక్రం బరువెక్కింది. ఇంకాస్త పోయాక రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది.

"పనంతా చక్ పక్కనే జరుగుతుంది, బెడ్ అక్కడే అరుగుతుంది. ఇది అరిగింది కానీ చావలేదు. నీ గైడు వేలెడే కదా, ఆ కాస్త మేరలో తిన్నగానే కోస్తుంది" అన్నారు. తరువాత చక్‌లో కడ్డీ పెట్టి, పైకి ఎత్తి పట్టి, చక్‌ను తిప్పే స్పిండిల్ ఎంత లేస్తుందో డయల్ గేజ్‌లో చూశారు. చివరికి చిన్న ముక్క తిప్పి రెండు కొసలూ కొలిచాకే ధర మాట ఎత్తనిచ్చారు. తీసుకున్నాను. మేడ మీదికి కాదు, కింద స్కూటర్లు పెట్టుకునే చోటికి. ఒక స్కూటరు ఇప్పుడు వానలో తడుస్తోంది, ఆ సంగతి రోజూ వింటున్నాను.

మరలు కోసేటప్పుడు టూలును నడిపించే పొడవాటి మర కడ్డీ, అంటే దీని లీడ్ స్క్రూ, అంగుళాల లెక్కలో ఉంది, అంగుళానికి 4 మరలు. చాలామంది దీన్ని లోపమంటారు. నాకైతే వరం. పాత బుల్లెట్లో అంగుళానికి 26 మరల సైకిల్ థ్రెడ్డు ఉంది కదా. నడిపే గేర్లు 20, 30 పళ్లవి, నడిచే గేర్లు 65, 60 పళ్లవి వేస్తే అది అచ్చంగా వస్తుంది. మిల్లీమీటర్ల మరలు కోయాలంటేనే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే ఐదు అంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్ల లేతు కొన్నవారికి ఇదే చిక్కు తిరగేసి ఎదురవుతుంది. మీ బండి ఏ కాలానిదో చూసుకుని లేతు ఎంచుకోండి.

కరెంటు మాట కూడా చెప్పాలి. మా వైపు వోల్టేజీ పడిపోతే నా లేతుకున్న ఇండక్షన్ మోటారు మూలుగుతుంది. కాలిపోయినా పంపుసెట్ల మోటార్లు చుట్టే కుర్రాడు చుట్టిపెడతాడు. బుల్లి లేతులోని ఎలక్ట్రానిక్ బోర్డు పోతే అతను చేయగలిగింది లేదు. వానాకాలంలో మాత్రం పని ముగించగానే రజను ఊడ్చి బెడ్ మీద నూనె పూయకపోతే తెల్లారేసరికి తుప్పు ఎర్రగా పలకరిస్తుంది.

గైడు చేసేటప్పుడు ముందు లోపలి రంధ్రం డ్రిల్ చేసి, దాన్ని కొలతకు నునుపు చేసే రీమర్ పెట్టాలి, ఆ రంధ్రాన్నే మాండ్రెల్ అనే కడ్డీ మీద ఎక్కించి లేతు రెండు సెంటర్ల (మొనల) మధ్య బయటి ఒళ్లు కోయాలి. అప్పుడే లోపలా బయటా ఒకే కేంద్రం. మూడు దవడల చక్‌ను నమ్మి తీసి పెడుతూ కోస్తే కేంద్రం తప్పుతుంది.

ముక్కను కదలకుండా పట్టి తిరిగే కట్టర్‌తో కోసే మిల్లింగ్ మిషన్ ఇప్పుడే వద్దనుకున్నాను. గాడి కోయడానికి, చిన్న ఫ్లాంజ్ చదును చేయడానికి లేతు మీద బిగించే వర్టికల్ స్లైడ్ చాలు. కొందరు డ్రిల్లింగ్ మిషన్‌లోనే మిల్లింగ్ కట్టర్ పెట్టేస్తారు. పక్క ఒత్తిడికి చక్‌ను పట్టి ఉంచే టేపరు ఊడి, తిరుగుతున్న కట్టర్ కిందపడుతుంది, దయచేసి వద్దు. ఎప్పుడైనా మిల్లింగ్ మిషన్ కొంటే గుండ్రటి స్తంభం ఉన్నది కొనను. మిషన్ తల ఎత్తు మార్చిన ప్రతిసారీ అది పక్కకు తిరిగి, పెట్టుకున్న కేంద్రం పోతుంది. తల పక్కకు తిరగనివ్వని డవ్‌టెయిల్ గాడి స్తంభం ఉన్నది దొరికేదాకా ఇంజన్ హెడ్డు ముఖం చదును చేయించడానికి మళ్లీ ఆ "రేపు రండి మాస్టారూ" షాపుకే.